క్షయవ్యాధి నిరోధంలో బి కణాల పాత్ర

క్షయవ్యాధి (టీబీ) క్రిమి దేహంలోకి వచ్చినప్పుడు దానిని ఎదుర్కొనే రక్షణ వ్యవస్థలో బి కణాలు ఒక ముఖ్య భాగం. ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, తయారుచేసే తెల్ల రక్తకణాలు ఇవే. 20వ శతాబ్దంలో చాలాకాలం పాటు శాస్త్రవేత్తలు క్షయను అడ్డుకునే పని మొత్తం మరో రకం తెల్ల రక్తకణాలైన టి కణాలదేననీ, బి కణాలు అందులో ప్రేక్షకులనీ అనుకున్నారు. గత మూడు దశాబ్దాల పరిశోధన ఈ అభిప్రాయాన్ని సవరించింది. బి కణాలు ఒంటరిగా క్షయను ఆపలేవు. అయితే ఊపిరితిత్తుల్లో వాపును హద్దులో ఉంచడం, టి కణాలను కావలసిన చోట నిలబెట్టడం, కొన్ని రకాల ప్రతిరక్షకాలతో భక్షక కణాలకు బలమివ్వడం వీటి పనులని తేలింది.

ఈ శాస్త్ర చరిత్రతో తెలుగు నేలకు నేరుగా సంబంధం ఉంది. దేశంలో బీసీజీ టీకా తొలి అడుగులు మదనపల్లెలో పడ్డాయి. క్షయక్రిమిలోని ఒక ప్రోటీను బి కణాలను బలంగా ప్రేరేపిస్తుందని 2003లో హైదరాబాదు శాస్త్రవేత్తలు చూపారు. రక్తంలో ప్రతిరక్షకాలను వెతికి టీబీని తేల్చే పరీక్షలను 2012లో భారత ప్రభుత్వం నిషేధించింది. ఆ నిర్ణయంతో బి కణాల శాస్త్రం ప్రయోగశాల దాటి, జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ వంటి మండలాల్లో దగ్గుతో బాధపడే మనిషి దాకా వచ్చింది.

వ్యాధి, దాని క్రిమి

క్షయకు కారణమైన మైకోబ్యాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ అనే క్రిమిని కనుగొన్నట్టు రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. ఆ తేదీనే ప్రపంచ క్షయ దినంగా పాటిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో సుమారు 1 కోటి 8 లక్షల మందికి కొత్తగా క్షయ జబ్బు వచ్చింది. 12.5 లక్షల మంది దానితో మరణించారు. కొత్త రోగుల్లో నాలుగో వంతుకు పైగా భారతదేశంలోనే ఉన్నారు.

రోగి దగ్గినప్పుడు గాలిలోకి చేరే సూక్ష్మమైన తుంపరల ద్వారా క్రిమి మరొకరి ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులను చేరుతుంది. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు దానిని మింగుతాయి. మామూలు బ్యాక్టీరియా అయితే మింగిన కణంలోనే జీర్ణమైపోతుంది. క్షయక్రిమి మాత్రం తాను చేరిన సంచి, జీర్ణరసాలున్న లైసోజోముతో కలవకుండా అడ్డుపడి, తనను మింగిన కణంలోనే కాపురం పెడుతుంది. దాని చుట్టూ కొవ్వు ఆమ్లాలతో నిండిన మందమైన గోడ ఉంటుంది. ఆ గోడలోనే లైపో అరాబినోమన్నాన్ వంటి చక్కెర, కొవ్వు కలిసిన పదార్థాలుంటాయి. క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఒకటి రెండు కావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది.

క్రిమి సోకిన అందరికీ జబ్బు రాదు. నూటికి తొంభై నుంచి తొంభై ఐదు మందిలో దేహం దానిని జీవితాంతం అణచి ఉంచుతుంది. మిగిలిన ఐదు నుంచి పది మందిలో మాత్రమే, ఎక్కువగా మొదటి రెండేళ్ళలో, అది జబ్బుగా బయటపడుతుంది. ఈ తేడాకు కారణమేమిటన్నదే క్షయ రోగనిరోధ శాస్త్రంలో మూల ప్రశ్న. బి కణాల గురించిన చర్చంతా ఈ ప్రశ్న చుట్టూనే సాగింది.

బి కణాలు: పుట్టుక, పనులు

1956లో అమెరికా శాస్త్రవేత్త బ్రూస్ గ్లిక్ కోళ్ళ మీద పనిచేస్తూ, తోక దగ్గర ఉండే బర్సా అనే చిన్న అవయవాన్ని తొలగిస్తే ఆ కోళ్ళు ప్రతిరక్షకాలను తయారుచేయలేవని చూపాడు. 1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ బృందం దీనిని మరింత స్పష్టం చేసి, లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో నేడు బి, టి అని పిలిచే రెండు వేర్వేరు వంశాలున్నాయని నిరూపించింది. మనుషుల్లో బి కణాలు ఎముక మూలుగలో పుడతాయి.

ఒక్కో బి కణం ఉపరితలం మీద ఒక్కో ప్రత్యేకమైన గ్రాహకం ఉంటుంది. జన్యువుల ముక్కలు కొత్త కొత్త వరసల్లో కలవడం వల్ల కోట్ల రకాల గ్రాహకాలు తయారవుతాయని కనుగొన్నందుకు సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. తనకు సరిపోయే ప్రతిజనకం, అంటే క్రిమిలోని ఏదైనా పదార్థం, తగలగానే బి కణం మేల్కొంటుంది. లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో సహాయక టి కణాల తోడుతో విభజన చెంది, కొన్ని ప్లాస్మా కణాలుగా, కొన్ని జ్ఞాపక కణాలుగా మారుతుంది. ప్లాస్మా కణాలు ప్రతిరక్షకాలను రక్తంలోకి వదులుతాయి. వాటిలో ఐజీఎం ముందు వస్తుంది. ఐజీజీ తరవాత వచ్చి ఎక్కువకాలం నిలుస్తుంది. ఐజీఏ ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల లోపలి పొరల మీద కాపలా కాస్తుంది.

ప్రతిరక్షకాల తయారీతోనే బి కణాల పని పూర్తికాదు. అవి క్రిమి ముక్కలను తమ ఉపరితలం మీద ప్రదర్శించి టి కణాలకు గుర్తు పట్టిస్తాయి. సైటోకైన్లు అనే సంకేత రసాయనాలను విడుదల చేసి వాపును పెంచుతాయి, అవసరమైతే తగ్గిస్తాయి. ఐఎల్-10 వంటి శాంతింపజేసే సంకేతాలను ఇచ్చే బి కణాలను నియంత్రక బి కణాలంటారు. క్షయలో బి కణాల పాత్రను అర్థం చేసుకోవాలంటే ఈ మూడు పనులనూ కలిపి చూడాలి.

భావనలు మారిన తీరు

1890లో ఎమిల్ ఫాన్ బేరింగ్, కితసాతో షిబసబురో కంఠసర్పి, ధనుర్వాతాల విషాన్ని అడ్డుకునే సీరమును, అంటే ప్రతిరక్షకాలున్న రక్తద్రవాన్ని, కనుగొన్నారు. ఆ విజయం చూసి క్షయకు కూడా సీరము చికిత్స దొరుకుతుందని అనేకమంది ఆశపడ్డారు. ఇటలీలో ఎడొఆర్డో మరల్యానో, పారిస్‌లో అలెగ్జాండర్ మార్మొరెక్ తయారుచేసిన సీరములను రోగులకిచ్చారు. ఫలితాలు ఒకచోట ఒకలా, మరోచోట మరోలా వచ్చాయి. క్రమంగా ఆ చికిత్స కనుమరుగైంది.

1940ల్లో మెరిల్ ఛేజ్ గినీ పందుల మీద చేసిన ప్రయోగాలు ఆలోచనను మరోవైపు మళ్ళించాయి. క్షయక్రిమి నుంచి తీసిన ట్యుబర్‌క్యులిన్‌కు వచ్చే చర్మ ప్రతిస్పందన ఒక జంతువు నుంచి మరో జంతువుకు కణాల ద్వారానే చేరింది. సీరము ద్వారా చేరలేదు. 1960ల్లో జార్జ్ మకానెస్, కణాల లోపల దాగే బ్యాక్టీరియాను చంపేవి చైతన్యవంతమైన మాక్రోఫేజ్‌లేననీ, వాటిని మేల్కొలిపేవి లింఫోసైట్లనీ చూపాడు.

ఆసుపత్రుల అనుభవం కూడా ఇదే దిశను చూపింది. 1952లో ఆగ్డెన్ బ్రూటన్ వర్ణించిన జన్యులోపం ఉన్న పిల్లల్లో ప్రతిరక్షకాలు దాదాపు ఉండవు. వాళ్ళు చీము పట్టించే బ్యాక్టీరియాతో పదే పదే జబ్బు పడతారు. క్షయ వాళ్ళలో అంత ప్రముఖంగా కనబడలేదు. ఎయిడ్స్ వైరస్ (హెచ్‌ఐవీ) సహాయక టి కణాలైన సీడీ4 టి కణాలను హరించినప్పుడు మాత్రం క్షయ విజృంభిస్తుంది. మాక్రోఫేజ్‌లను మేల్కొలిపే గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేతానికి గ్రాహకం పుట్టుకతోనే లోపించిన పిల్లలు బలహీనమైన మైకోబ్యాక్టీరియాకు కూడా తట్టుకోలేరని 1996లో తెలిసింది. కీళ్ళవాతానికి ఇచ్చే, టీఎన్‌ఎఫ్ అనే వాపు సంకేతాన్ని అడ్డుకునే మందులు అణగివున్న క్షయను రేపుతాయని 2001లో వెల్లడైంది. బి కణాలను తొలగించే రిటుక్సిమాబ్ మందుతో అలాంటి పెద్ద ప్రమాదం కనబడలేదు.

ఈ సాక్ష్యాలన్నీ బలమైనవి. వాటి నుంచి తీసిన నిర్ణయం మాత్రం తొందరపాటు. ప్రతిరక్షకాలు లేకపోయినా క్షయ అమాంతం పెరగలేదంటే, అవి ఉన్నప్పుడు ఏ మేలూ చేయవని అర్థం కాదు. రక్షణ వ్యవస్థలో ఒక అంగం చేసే పనిని మరో అంగం కొంతవరకు భర్తీ చేస్తుంది. ఈ సూక్ష్మాన్ని తేల్చడానికి జంతు ప్రయోగాలు అవసరమయ్యాయి.

ఎలుకల్లో, కోతుల్లో చేసిన ప్రయోగాలు

బి కణాలు పుట్టకుండా జన్యువును మార్చిన ఎలుకలు 1990ల్లో అందుబాటులోకి వచ్చాయి. 1996లో వోర్డర్‌మయర్ బృందం ఇలాంటి ఎలుకలకు రక్తం ద్వారా క్షయక్రిమిని ఎక్కించి, మామూలు ఎలుకల కంటే వాటి అవయవాల్లో క్రిములు ఎక్కువగా పెరిగాయని చూపింది. ఆ తరవాత ఏడాదే మరో బృందం, తొలి దశలో చెప్పుకోదగ్గ తేడా లేదని రాసింది. క్రిమిని ఏ దారిలో ఎక్కించారు, ఎంత మోతాదులో ఎక్కించారు, ఎన్నాళ్ళకు చూశారు అన్నదాన్ని బట్టి ఫలితం మారింది.

2007లో న్యూయార్క్‌లో జాన్ చాన్ బృందం, సహజంగా జరిగే విధంగానే గాలి ద్వారా ఎలుకలకు క్రిమిని సోకించింది. బి కణాలు లేని ఎలుకల ఊపిరితిత్తుల్లో వాపు విపరీతంగా పెరిగింది. తెల్ల రక్తకణాలు గుంపులుగా చేరి కణజాలాన్ని దెబ్బతీశాయి. క్రిములు కూడా ఎక్కువగానే ఉన్నాయి. మామూలు ఎలుకల బి కణాలను వాటికి ఎక్కించగానే వాపు తగ్గింది. క్షయలో ఊపిరితిత్తిని తొలిచి గుహలు చేసేది చాలావరకు దేహపు సొంత ప్రతిస్పందనే కాబట్టి, దానిని హద్దులో ఉంచే పని చిన్నది కాదు.

మరుసటి ఏడాది అదే బృందం ప్రతిరక్షకాల తోకను పట్టుకునే ఎఫ్‌సీ గ్రాహకాలను పరిశీలించింది. ప్రోత్సహించే రకం గ్రాహకాలు లేని ఎలుకలు తొందరగా నీరసించాయి. అణచివేసే రకం గ్రాహకం లేని ఎలుకలు క్రిమిని మెరుగ్గా అదుపు చేశాయి. అంటే ప్రతిరక్షకం ఏ గ్రాహకానికి అతుక్కుంటుందన్నదాని మీద రోగ గమనం ఆధారపడుతుంది.

ఎలుకల్లో క్షయ మనిషి క్షయను పూర్తిగా పోలదు. అందుకే పిట్స్‌బర్గ్‌లో జోఆన్ ఫ్లిన్ బృందం మకాక్ కోతుల మీద పనిచేసింది. 2016లో వెలువడిన ఆ అధ్యయనంలో రిటుక్సిమాబ్‌తో బి కణాలను తొలగించాక క్రిమిని సోకించారు. జబ్బు మొత్తం తీవ్రతలో పెద్ద తేడా రాలేదు. ఒక్కో క్షయ గడ్డను విడివిడిగా పరిశీలిస్తే మాత్రం, బి కణాలు లేని గడ్డల్లో క్రిములు ఎక్కువగా ఉన్నాయి, వాపు తక్కువగా ఉంది, టి కణాల పాళ్ళు మారాయి. బి కణాల ప్రభావం స్థానికంగా, గడ్డ గడ్డకూ తేడాగా ఉంటుందని దీనితో అర్థమైంది.

గ్రాన్యులోమాలో బి కణాల స్థానం

ఊపిరితిత్తిలో క్రిమి చుట్టూ రక్షణ కణాలు పొరలు పొరలుగా చేరి ఏర్పరిచే గడ్డను గ్రాన్యులోమా అంటారు. నడుమ క్రిమిని మింగిన మాక్రోఫేజ్‌లు, కొన్నిసార్లు పెరుగులా మెత్తబడి చచ్చిపోయిన కణజాలం ఉంటాయి. బయటి వరసలో టి కణాలుంటాయి. ఆ అంచున బి కణాలు గుండ్రటి గుంపులుగా కూడి ఉంటాయి. క్షయ రోగుల శస్త్రచికిత్సలో తీసిన ఊపిరితిత్తి ముక్కల్లో ఈ గుంపులను జర్మన్ పరిశోధకులు 2004లో వివరంగా వర్ణించారు. లింఫ్ గ్రంథిలో ఉండే కేంద్రాలకు ఇవి ప్రతిరూపాలు. దేహం రోగమున్న చోటే తాత్కాలికంగా ఒక లింఫ్ గ్రంథిని కట్టుకుంటుందన్నమాట.

ఈ గుంపులకు అర్థమేమిటో 2013లో షబానా ఖాదర్ బృందం చెప్పింది. సీఎక్స్‌సీఆర్5 అనే గుర్తున్న టి కణాలు ఈ గుంపుల్లోకి చేరి, పక్కనున్న మాక్రోఫేజ్‌లను మేల్కొలుపుతాయి. క్రిమిని అణచి ఉంచిన జంతువుల్లో ఈ ఏర్పాటు చక్కగా ఉంది. జబ్బు ముదిరిన వాటిలో చెదిరిపోయింది. క్షయక్రిమిని ప్రత్యేకంగా గుర్తించే బి కణాలే ఆ టి కణాలను గుంపులోకి నడిపిస్తాయని 2023లో వచ్చిన మరో అధ్యయనం చూపింది. ప్రతిరక్షకాలతో నిమిత్తం లేకుండానే బి కణం చేసే మేలు ఇది.

రోగుల రక్తంలో కూడా ఈ మార్పుల జాడ ఉంది. క్షయ చురుకుగా ఉన్నప్పుడు రక్తంలోని బి కణాల పనితీరు మందగిస్తుందనీ, చికిత్స పూర్తయ్యాక మళ్ళీ మామూలు స్థితికి వస్తుందనీ 2016లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు రాశారు. జబ్బు రక్షణ వ్యవస్థను ఎంతగా కుంగదీస్తుందో, మందులు పూర్తిగా వాడితే అది ఎలా కోలుకుంటుందో దీనితో తెలుస్తుంది.

ప్రతిరక్షకాలు: మొత్తం, నాణ్యత

క్షయ రోగుల రక్తంలో ప్రతిరక్షకాలకు కొదవ లేదు. జబ్బు ముదిరి క్రిముల సంఖ్య పెరిగేకొద్దీ అవీ పెరుగుతాయి. మొత్తాన్ని మాత్రమే కొలిచినంతకాలం, ఎక్కువ ప్రతిరక్షకాలున్నవాళ్ళే ఎక్కువ జబ్బుతో ఉన్నట్టు కనబడింది. అందుకే వాటికి రక్షణ శక్తి లేదనుకున్నారు.

ఈ అవగాహనలో మొదటి మార్పు 1998లో వచ్చింది. అరాబినోమన్నాన్‌కు అతుక్కునే ఒక ప్రతిరక్షకంతో క్రిమికి ముందుగానే పూత పూసి ఎలుకలకు ఎక్కిస్తే, అవి ఎక్కువకాలం బతికాయని ఆర్టురో కాసడెవాల్ బృందం చూపింది. 2016లో గాలిట్ ఆల్టర్, సారా ఫార్చ్యూన్ బృందం మరింత లోతైన విషయం వెల్లడించింది. క్రిమిని అణచి ఉంచిన మనుషుల ప్రతిరక్షకాలకూ, జబ్బు పడిన వాళ్ళ ప్రతిరక్షకాలకూ తోక భాగంలోని చక్కెర గొలుసుల్లో తేడా ఉంది. మొదటి రకం ప్రతిరక్షకాలను కలిపినప్పుడు, క్రిమి దాగిన సంచి లైసోజోముతో కలిసింది, మాక్రోఫేజ్‌లు క్రిమిని మెరుగ్గా చంపాయి. క్రిమి ఏ తలుపు మూసి బతుకుతోందో, దానినే ఈ ప్రతిరక్షకాలు తెరిచాయి.

ప్రతిరక్షకం ఏ తరగతిది అన్నది కూడా ముఖ్యమే. అదే ఏడాది యూరప్‌లో జరిగిన మరో అధ్యయనంలో, మనిషి నుంచి తీసిన ఐజీఏ ప్రతిరక్షకాలు ఊపిరితిత్తి పొర కణాల్లోకి క్రిమి చొరబడకుండా అడ్డుకున్నాయి. అదే లక్ష్యానికి అతుక్కునే ఐజీజీ చొరబాటుకు తోడ్పడింది. కాబట్టి ప్రతిరక్షకాలన్నీ మేలు చేస్తాయనీ చెప్పలేం, దండగనీ చెప్పలేం.

రోగితో ఒకే ఇంట్లో ఏళ్ళ తరబడి ఉన్నా చర్మ పరీక్షలోనూ, గామా ఇంటర్‌ఫెరాన్ పరీక్షలోనూ సోకినట్టు కనబడని వాళ్ళు కొందరుంటారు. ఉగాండాలో అలాంటి వాళ్ళను పరిశీలించగా, వాళ్ళ రక్తంలో క్షయక్రిమికి ప్రత్యేకమైన ఐజీఎం, ఐజీజీ ప్రతిరక్షకాలు ఉన్నాయని 2019లో తెలిసింది. వాళ్ళు క్రిమిని ఎదుర్కొన్నారు, అయితే వేరే దారిలో ఎదుర్కొన్నారు. ఆ దారిని అర్థం చేసుకోవడం నేటి పరిశోధనలో అత్యంత ఆశ కలిగించే అంశాల్లో ఒకటి.

హైదరాబాదు పరిశోధన

1998లో క్షయక్రిమి జన్యుపటం పూర్తయినప్పుడు, దాని జన్యు సామర్థ్యంలో దాదాపు పదో వంతు పీఈ, పీపీఈ అనే రెండు ప్రోటీను కుటుంబాలకే కేటాయించి ఉందని తేలింది. మైకోబ్యాక్టీరియా కాని ఇతర బ్యాక్టీరియాలో ఇలాంటివి కనబడవు. అవి ఏం చేస్తాయో అప్పటికి తెలియదు. హైదరాబాదులోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం (సీడీఎఫ్‌డీ) ఈ ప్రశ్నను చేపట్టింది. అప్పటి సంచాలకుడు సయ్యద్ ఇ. హస్నైన్ నేతృత్వంలో, నగరంలోని మహావీర్ ఆసుపత్రి వైద్యుల తోడ్పాటుతో పని సాగింది. ఆ ఆసుపత్రి 1995 నుంచే ప్రభుత్వ క్షయ కార్యక్రమంతో కలిసి పనిచేస్తూ, ప్రైవేటు వైద్యుల దగ్గరికి వెళ్ళే రోగులకు ఉచిత చికిత్స అందించిన సంస్థగా పేరు పొందింది.

పరిశోధకులు ఆర్‌వీ2430సీ అనే పీపీఈ ప్రోటీనును ఎంచుకున్నారు. దానిని ఇ.కొలై బ్యాక్టీరియాలో తయారుచేసి, మూడు వర్గాల రోగుల సీరముతో పరీక్షించారు. కొత్తగా జబ్బు పడినవాళ్ళు 32 మంది, తిరగబెట్టినవాళ్ళు 30 మంది, ఊపిరితిత్తులు కాక ఇతర భాగాల్లో క్షయ ఉన్నవాళ్ళు 30 మంది ఇందులో ఉన్నారు. 2003లో ప్రచురితమైన ఫలితం ప్రకారం, ఈ ప్రోటీనుకు ఎదురుగా రోగుల్లో బలమైన ప్రతిరక్షక స్పందన ఉంది. అది అప్పటికే బాగా తెలిసిన ప్రతిజనకాలకు సమానంగానో, అంతకంటే ఎక్కువగానో ఉంది. మరుసటి ఏడాది ఆర్‌వీ2608 అనే మరో పీపీఈ ప్రోటీను గురించి అదే బృందం రాసింది. దానిలోని కొన్ని భాగాలు బి కణాలను కదిలించాయి, టి కణాలను అంతగా కదిలించలేదు.

ఈ పరిశీలన నుంచి లోతైన సందేహం ఒకటి పుడుతుంది. క్రిమి తనకు అంతగా హాని చేయని ప్రతిస్పందన వైపు దేహాన్ని మళ్ళించడానికే ఈ ప్రోటీన్లను వాడుకుంటోందా? సీడీఎఫ్‌డీలోనే సంగీత ముఖోపాధ్యాయ బృందం తరవాత పీపీఈ18 ప్రోటీను మీద పనిచేసి, అది మాక్రోఫేజ్‌లలో ఐఎల్-12 అనే కీలక సంకేతాన్ని అణచివేస్తుందని చూపింది. టి కణాలను పోరాట దిశలో నడిపేది ఆ సంకేతమే. బి కణాల స్పందనను విడిగా కొలిస్తే చాలదనీ, అది ఏ సంకేతాల నడుమ పుట్టిందో చూడాలనీ ఈ హైదరాబాదు పరిశోధనలు నేర్పుతాయి.

ప్రతిరక్షక రక్తపరీక్షలు, నిషేధం

క్షయ రోగుల రక్తంలో ప్రతిరక్షకాలు ఉంటాయన్న సంగతి ఒక వ్యాపారానికి దారి తీసింది. వేలి నుంచి తీసిన చుక్క రక్తంతో, లేదా ఎలీసా పద్ధతితో ఐజీజీ, ఐజీఎంలను కొలిచి టీబీ ఉందో లేదో చెప్పే కిట్లు మార్కెట్లోకి వచ్చాయి. తెమడ తీయడం కష్టం, రక్తం తీయడం సులువు. ఫలితం వెంటనే వస్తుంది. భారతదేశంలో ప్రైవేటు ప్రయోగశాలల్లో ఏటా లక్షల సంఖ్యలో ఈ పరీక్షలు జరిగాయి.

ఈ పరీక్షలు నమ్మదగినవి కావు. అణగివున్న క్షయ ఉన్నవాళ్ళలో, గతంలో జబ్బు నయమైనవాళ్ళలో, బీసీజీ వేయించుకున్నవాళ్ళలో, పరిసరాల్లోని హానిలేని మైకోబ్యాక్టీరియా తగిలినవాళ్ళలో కూడా ప్రతిరక్షకాలు ఉండవచ్చు. మరోవైపు హెచ్‌ఐవీ ఉన్న నిజమైన క్షయ రోగిలో అవి సరిగా కనబడకపోవచ్చు. పత్తిచేలో కనబడే అడుగుజాడ, ఎవరో నడిచిన మాట చెబుతుంది గానీ ఆ మనిషి ఇంకా చేలోనే ఉన్నాడో లేదో చెప్పదు. ప్రతిరక్షకం కూడా అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 94 అధ్యయనాలను సమీక్షించి, ఈ పరీక్షలను చురుకైన క్షయ నిర్ధారణకు వాడవద్దని 2011 జూలైలో ప్రకటించింది. క్షయ విషయంలో ఆ సంస్థ ఒక పరీక్షను వద్దని స్పష్టంగా చెప్పడం అదే మొదటిసారి. భారత ప్రభుత్వం 2012 జూన్‌లో ఈ కిట్ల దిగుమతి, తయారీ, అమ్మకం, పంపిణీ, వాడకాన్ని నిషేధిస్తూ గెజిట్ ప్రకటన వెలువరించింది. జబ్బు లేనివాళ్ళు నెలల తరబడి ఘాటైన మందులు మింగకుండా, జబ్బున్నవాళ్ళు తమకు ఏమీ లేదన్న భ్రమలో ఇంటిల్లిపాదికీ అంటించకుండా ఈ నిర్ణయం కాపాడింది. దేశ ప్రజారోగ్య చరిత్రలో ఇది సరైన, ధైర్యమైన నిర్ణయం.

ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోవాలి. ఇగ్రా అనే రక్తపరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉంది. అది ప్రతిరక్షకాలను కొలవదు, టి కణాలు విడుదల చేసే గామా ఇంటర్‌ఫెరాన్‌ను కొలుస్తుంది. అది కూడా క్రిమి సోకిందని మాత్రమే చెప్పగలదు. అది జబ్బుగా మారిందా లేదా అన్నది తేల్చడానికి తెమడ పరీక్ష, ఎక్స్‌రే కావలసిందే.

టీకాల అన్వేషణ

ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ తయారుచేసిన బీసీజీని మొదటిసారి 1921లో మనిషికి ఇచ్చారు. భారతదేశంలో 1948లో బీసీజీ ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానటోరియం 1915లో తెరుచుకుంది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్ ముల్లర్ దానికి తొలి అధిపతి. తరవాత ఆయన కుమారుడు యొహానెస్ చుట్టుపక్కల గ్రామాల్లో జరిపిన బీసీజీ అధ్యయనాలు ప్రపంచ వైద్య సాహిత్యంలో మదనపల్లె పేరును నిలబెట్టాయి. బీసీజీ పసిపిల్లలను మెదడు పొరల క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుంచి కాపాడుతుంది. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను ఆపడంలో దాని శక్తి తక్కువ. అందుకే కొత్త టీకాల వెతుకులాట ఆగలేదు.

ఆ వెతుకులాట చాలాకాలం టి కణాలనే లక్ష్యంగా పెట్టుకుంది. ఇప్పుడు ప్రతిరక్షకాలనూ కొలుస్తున్నారు. దక్షిణాఫ్రికా శిశువుల మీద జరిగిన పరిశీలనలో, క్షయక్రిమిలోని ఎజీ85ఏ ప్రతిజనకానికి ఐజీజీ ఎక్కువగా ఉన్న పిల్లలకు క్షయ ముప్పు తక్కువగా ఉన్నట్టు 2016లో కనబడింది. 2020లో, బీసీజీని చర్మంలో కాక రక్తనాళంలోకి ఎక్కించిన పది కోతుల్లో తొమ్మిదింటికి గట్టి రక్షణ లభించింది. వాటిలో ఆరింటిలో క్రిమి జాడే దొరకలేదు. ఆ కోతుల రక్తాన్ని, ఊపిరితిత్తి ద్రవాన్ని విశ్లేషిస్తే, రక్షణతో బలంగా ముడిపడిన అంశాల్లో ఐజీఎం ఒకటని 2021లో తెలిసింది. రక్తనాళంలోకి బీసీజీ ఇవ్వడం మనుషులకు తగదు. ఆ ప్రయోగం కొత్త టీకాలు ఏ రకం స్పందనను రాబట్టాలో చూపుతుంది.

ఎం72/ఏఎస్01ఈ టీకా, క్రిమి సోకిన పెద్దవాళ్ళలో జబ్బును దాదాపు సగానికి తగ్గించినట్టు 2019లో ప్రచురితమైంది. దాని మూడో దశ పరీక్షలు 2024లో మొదలయ్యాయి. స్పెయిన్‌లో పుట్టిన ఎంటీబీవ్యాక్ టీకాను హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ మన దేశంలో పరీక్షిస్తోంది. ఆ పరీక్షలు కూడా 2024లోనే మొదలయ్యాయి. మదనపల్లెలో మొదలైన టీకా కథలో తెలుగువాళ్ళ పాత్ర ఇలా కొనసాగుతోంది.

రేగొండ వంటి ప్రాంతాలకు దీని అర్థం

రేగొండ మండలం పరకాల నుంచి భూపాలపల్లి వెళ్ళే దారిలో ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది వరంగల్ జిల్లాలో భాగం. వరి, పత్తి, మిరప సాగు ఇక్కడి బతుకుదెరువు. పక్కనే భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులు, చెల్పూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి.

ఇలాంటి ప్రాంతాల్లో క్షయ ముప్పును పెంచే కారణాలు తెలిసినవే. తిండి చాలకపోవడం, మధుమేహం, బీడీలు, మద్యం, హెచ్‌ఐవీ, గాలి ఆడని ఇరుకు ఇళ్ళు వాటిలో ప్రధానమైనవి. గనుల్లో రాతిపొరను తొలిచేటప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లోని మాక్రోఫేజ్‌లనే చంపుతుంది. భక్షక కణమే చచ్చిపోయాక ఎంత మంచి ప్రతిరక్షకమైనా దానికి బలమివ్వలేదు. మాంసకృత్తులు అందని దేహంలో టి కణాలూ, బి కణాలూ రెండూ బలహీనపడతాయి. రోగుల ఇళ్ళలోని వాళ్ళకు పోషకాహారం ఇస్తే కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని జార్ఖండ్‌లో జరిగిన అధ్యయనం 2023లో నిరూపించింది. రోగనిరోధ శాస్త్రం చెప్పే మాటకు పళ్ళెంలోని పప్పు, గుడ్డు కూడా సాక్ష్యమే.

రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తం కనబడితే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో తెమడ పరీక్ష చేయించుకోవాలి. ట్రూనాట్ వంటి యంత్రాలు తెమడలో క్రిమి జన్యుపదార్థాన్నే వెతుకుతాయి. రిఫాంపిసిన్ మందుకు అది లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. మందులకు లొంగే క్షయకు చికిత్స ఆరు నెలలు. మందులు ఉచితం. నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగుల పోషకాహారానికి నెలకు ఇచ్చే 500 రూపాయలను ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలకు పెంచింది. రోగితో కలిసి ఉండేవాళ్ళు కూడా పరీక్ష చేయించుకొని, అవసరమైతే నివారణ మందులు వాడాలి.

అంచనా

నేటి జ్ఞానం ప్రకారం క్షయను అణచి ఉంచే ప్రధాన భారం సీడీ4 టి కణాలదీ, మాక్రోఫేజ్‌లదీ. బి కణాలు వాటికి తోడు. అవి లేనప్పుడు ఎలుకల్లో వాపు హద్దు తప్పింది, కోతుల గడ్డల్లో క్రిములు పెరిగాయి. వాటి ప్రతిరక్షకాలు తరగతిని బట్టి, తోకలోని చక్కెరను బట్టి మేలు చేస్తాయి, కొన్నిసార్లు కీడూ చేస్తాయి. రక్తంలో అవి ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, రక్షణ ఉన్నట్టూ కాదు. మేలు చేసే ప్రతిరక్షకాలను టీకాతో రాబట్టడం ఎలాగన్నదే పరిశోధకుల ముందున్న పని.

ఆ టీకా వచ్చేదాకా ఆగవలసిన అవసరం రోగికి లేదు. టీబీ ఉందని ఎవరైనా ప్రతిరక్షక రక్తపరీక్ష చూపి చెబితే దానిని నమ్మి మందులు మొదలుపెట్టకూడదు, లేదన్నారని ఊరట చెందకూడదు. తెమడ పరీక్ష చేయించుకోవాలి. జబ్బు తేలితే ఒంట్లో బాగుందనిపించినా మధ్యలో ఆపకుండా ఆరు నెలలూ మందులు వాడాలి. మందులకు లొంగే క్షయ సకాలంలో గుర్తించి పూర్తిగా మందులు వాడిన వాళ్ళలో అత్యధికులకు నయమవుతుంది.